మన తైలం సీసా మీద ఏం రాయాలి?

(వార్షిక మహాసభలో తైలం యూనిట్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



యూనిట్ జమాఖర్చులు ఈ నివేదికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. గడ్డి ఎంత కొన్నాం, కట్టెలకెంత పోయింది, నూనె ఏ ధరకు అమ్మాం అన్నవి అక్కడ చూసుకోండి. ఇక్కడ మేం చెప్పబోయేది వేరే సంగతి. ఈ సభలో మీరు తీర్మానం చేయాల్సిన విషయం అది.

పట్నం నుంచి ఒక వ్యాపారి మా దగ్గరకు వచ్చాడు. మన నిమ్మగడ్డి నూనె, వాము నూనె కలిపి, అందులో విటమిన్ ఈ, విటమిన్ సి చేర్చి, 30 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో నింపి ఇమ్మన్నాడు. ఇప్పుడు మనకొచ్చే ధరకు మూడింతలు ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే. సీసా మీద "యాంటీబయాటిక్‌కు లొంగని క్రిములను చంపుతుంది" అని అచ్చు వేయాలట. పైగా అది మన సమాఖ్య పేరుతోనే ఉండాలట.

మూడింతలు అంటే మాటలు కాదు. టన్ను గడ్డి ఉడికిస్తే చేతికొచ్చేది నాలుగైదు కిలోల నూనె. ఆ బట్టీ దగ్గర పొగలో నిలబడేది మనమే. అందుకే కమిటీలో కొందరు ఒప్పుకుందామన్నారు, కొందరు వద్దన్నారు. ఆయన ఫోన్‌లో పరిశోధన కాగితాలు కూడా చూపించాడు. సరే, ఊరికే అవునని గానీ కాదని గానీ అనేయకుండా విషయం తెలుసుకుందామని పీహెచ్‌సీ డాక్టరమ్మను, పశువుల డాక్టరుగారిని కూర్చోబెట్టుకుని అడిగాం. వాళ్లు చెప్పింది, మేం చదివించుకున్నది కలిపి మీ ముందు పెడుతున్నాం.

ముందు, ఈ లొంగని క్రిమి సంగతి. పత్తి వేసే ఇళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. ఒకే పురుగు మందు ఏటా కొడుతూ పోతే ఏమవుతుంది? బలహీనమైన పురుగులు చస్తాయి. నూటికో కోటికో ఒకటి తట్టుకున్నది మిగులుతుంది. దాని పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. గులాబీ పురుగును తట్టుకుంటుందని తెచ్చిన బీటీ పత్తి గింజను ఆ పురుగే ఎలా గెలిచిందో చూశాం కదా. ఒంట్లో బ్యాక్టీరియా కూడా అంతే, కాకపోతే దానికి తరం మారడానికి ఏడాది పట్టదు, అరగంట చాలు. కొన్ని బ్యాక్టీరియాలు మందును కత్తిరించే పదార్థం తయారుచేసుకుంటాయి. కొన్ని పడవలోకి వచ్చిన నీళ్లు తోడి పోసినట్టు, లోపలికొచ్చిన మందును బయటికి తోడేస్తాయి. ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ విద్యను పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలవు.

పెన్సిలిన్‌ను 1928లో కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి తీసుకుంటూనే, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మందుకు అలవాటుపడతాయని హెచ్చరించాడు. 2019వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద నేరుగా మందుకు లొంగని బ్యాక్టీరియా వల్లనే సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని లెక్క కట్టారు. వీటిలో పురుటి ఇన్ఫెక్షన్లు ఉన్నాయి, పసిబిడ్డల రక్తంలో చేరే చీము ఉంది, ఆపరేషన్ కుట్లు మానకపోవడం ఉంది. అంటే ఇది మన ఇళ్ల సంగతే.

ఇక నూనె. వ్యాపారి చూపించిన కాగితాల్లో ఉన్నది అబద్ధం కాదని ముందే చెప్పాలి. వాము నూనెలో థైమాల్ ఉంటుంది. పెరట్లో పెంచే వాము ఆకు మొక్కలో కార్వక్రాల్ ఉంటుంది. మన నిమ్మగడ్డి నూనెలో ముప్పాతిక వంతు సిట్రాల్, ఆ నిమ్మవాసన దానిదే. లవంగంలో యూజినాల్. పంటి డాక్టరు తాత్కాలికంగా పన్ను నింపేటప్పుడు ఘాటుగా వచ్చే వాసన ఈ యూజినాల్‌దే. థైమాల్‌ను నోరు పుక్కిలించే మందుల్లో ఇప్పటికీ వేస్తారు. మన అమ్మమ్మలు వాముకు ఇచ్చిన గౌరవం ఊరికే ఇచ్చింది కాదు.

ఇవి ఎలా పనిచేస్తాయంటే, బ్యాక్టీరియా ఒంటి చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. నెయ్యిలో నూనె కలిసిపోయినట్టు ఈ తైలాలు ఆ పొరలోకి దూరతాయి. పొర వదులవుతుంది, లోపలున్న లవణాలు బయటికి కారిపోతాయి. అందుకనే తైలాన్ని యాంటీబయాటిక్‌తో కలిపి చూడాలన్న ఆలోచన వచ్చింది. తైలం గోడకు కన్నం పెడుతుంది, ఆ కన్నంలోంచి మందు లోపలికి పోతుంది. నీళ్లు తోడినట్టు మందును తోడేసే ఆ మోటారు కూడా పొరలోనే ఉంటుంది కాబట్టి, పొర చెదిరితే మోటారూ సరిగ్గా ఆడదు. కొన్ని రకాల బ్యాక్టీరియాకు బయట ఇంకో పొర అదనంగా ఉంటుంది. కాలిన పుండ్లలో చేరేవి కొన్ని ఈ జాతివే. వాటి మీద తైలం పని అంతంతమాత్రం.

పరీక్ష ఎలా చేస్తారో డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పారు, అది మాకు బాగా నచ్చింది. గుంతలున్న మన గుంతపొంగణాల పెనం లాంటిదే, కాకపోతే అరచేతి వెడల్పులో 96 చిన్న గుంతలుంటాయి. అన్నిట్లో బ్యాక్టీరియా పోస్తారు. ఒక వైపు నుంచి మందును సగం, సగంలో సగం అని తగ్గిస్తూ పోతారు. రెండో వైపు నుంచి నూనెను అలాగే తగ్గిస్తారు. మర్నాడు ఏ గుంత తేటగా ఉందో, ఏది మసకబారిందో చూస్తారు. తేటగా ఉంటే బ్యాక్టీరియా పెరగలేదన్నమాట. ఒంటరిగా చంపడానికి కావాల్సిన మందులో పావు, ఒంటరిగా కావాల్సిన నూనెలో పావు కలిపినా గుంత తేటగా ఉంటే, రెండూ ఒకదానికొకటి బలం ఇస్తున్నాయని రాసుకుంటారు. అలాంటి జోడీలు నిజంగానే దొరికాయి, ఇంకా వెతుకుతున్నారు. విటమిన్లను కూడా ఇదే పెనంలో పెట్టి చూశారు. 2013లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలవాళ్లు మందులకు లొంగని టీబీ క్రిమిని విటమిన్ సి ల్యాబ్‌లో చంపిందని చూపించారు. వ్యాపారి ఫోన్‌లో ఇలాంటివే ఉన్నాయి.

అయితే అదే పెనంలో ఇంకో మాట కూడా బయటపడింది, ఆయన దాన్ని చూపించలేదు. కొన్ని పరీక్షల్లో విటమిన్ సి లాంటివి కొన్ని యాంటీబయాటిక్‌ల దెబ్బ నుంచి బ్యాక్టీరియాను కాపాడాయి. ఏ నూనెతో ఏ విటమిన్, ఏ క్రిమి మీద, ఎంత మోతాదులో అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. అన్నీ కలిపితే బలం పెరుగుతుందనుకోవడం కూరలో ఉప్పు రెండుసార్లు వేసినట్టే.

అసలు చిక్కు గుంతలోంచి ఒంట్లోకి వచ్చేటప్పుడు ఉంది. గుంతలో బ్యాక్టీరియాను ఆపడానికి యాంటీబయాటిక్ చాలాసార్లు లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు సరిపోతుంది. థైమాల్ లాంటివి వందల మిల్లీగ్రాములు కావాలి. రక్తంలో అంత చేరాలంటే ఎంత మింగాలి? అంతకన్నా ముందే కడుపు మండుతుంది, కాలేయం దెబ్బతింటుంది. పైగా మింగిన నూనెను కాలేయం వెంటనే విడగొట్టేస్తుంది. కొవ్వు పొరను కరిగించే వస్తువుకు అది క్రిమి పొరా, మన పేగు పొరా అన్న తేడా పెద్దగా తెలియదు.

పైపూతగా అయినా చూద్దామని చేసినవాళ్లున్నారు. ఆస్ట్రేలియా మొక్క టీ ట్రీ నూనె ల్యాబ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి బ్యాక్టీరియాను బాగా చంపుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లో ఐసీయూ రోగులకు 5 శాతం టీ ట్రీ నూనె కలిపిన ద్రవంతో ఒళ్లు తుడిచారు, మరికొందరికి మామూలు పిల్లల సబ్బు ద్రవంతో తుడిచారు. 2013లో ఫలితం వచ్చింది. ఆ బ్యాక్టీరియా కొత్తగా అంటుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చెడ్డ నూనె అని కాదు, పళ్లెంలో గెలిచింది మంచం మీద గెలవలేదు, అంతే.

దీనర్థం మొక్క నుంచి మందు రాదని కాదండి. చైనా శాస్త్రవేత్త తూ యూయూ మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్ తీసింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. మన ఏజెన్సీలో మలేరియాకు ఇచ్చే మాత్రల్లో ఉన్నది ఆ వంశమే. కానీ ఆమె ఆకు రసం సీసాలో పోసి అమ్మలేదు. అందులో పనిచేసే పదార్థాన్ని విడదీసి, మోతాదు తేల్చి, మనుషుల మీద పరీక్షించాక అది మందయ్యింది. మన సీసా ఆ దారిలో మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

విటమిన్ల మాటకొస్తే, మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోకుండా ఉండలేం. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. మనకు అంగన్‌వాడీలో ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలో ఉన్న ఫోలిక్ అదే. ఆయన ఆధ్వర్యంలోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా 1948లో లోకానికి తెలిసింది. ఒక చేత్తో విటమిన్, ఇంకో చేత్తో యాంటీబయాటిక్.

ఫోలిక్ యాసిడ్ కథలోనే విటమిన్‌కూ క్రిమికీ ఉన్న ముడి బాగా అర్థమవుతుంది. మనం ఫోలిక్‌ను ఆకుకూరల్లో, పప్పుల్లో తింటాం. చాలా బ్యాక్టీరియాలు అలా తినలేవు, తమకు కావాల్సింది తామే వండుకోవాలి. సల్ఫా మందులు ఆ పొయ్యి ఆర్పేస్తాయి. మనకు పొయ్యే లేదు కాబట్టి మనకు నష్టం లేదు.

డాక్టర్లు యాంటీబయాటిక్‌తో విటమిన్ కలిపి ఇచ్చే సందర్భం ఒకటి మన ఊళ్లలోనే ఉంది. టీబీకి ఐసోనియాజిడ్ వాడేటప్పుడు విటమిన్ బి6 ఇస్తారు. ఆ మందు వల్ల కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కకుండా అది కాపాడుతుంది. క్రిమిని చంపేది మందు, మనిషిని నిలబెట్టేది విటమిన్. బలం గోలీ అని టీబీ మందు మానేసి అదొక్కటే వేసుకున్నవాళ్లను మన ఆశా కార్యకర్తలు చూశారు. ఆరు నెలల మందు మధ్యలో ఆపితే మిగిలిన క్రిమి మొండిదై తిరిగొస్తుంది, ఇంట్లో పిల్లలకు కూడా ఆ మొండి టీబీయే అంటుకుంటుంది.

తిండి విషయంలో అయితే రుజువు చాలా గట్టిది. జార్ఖండ్‌లో 4 జిల్లాల్లో టీబీ రోగులున్న ఇళ్లను తీసుకుని, కొన్ని ఇళ్లలో కుటుంబం మొత్తానికి ప్రతినెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. మిగతా ఇళ్లలో రోగికి మాత్రమే ఆహారం ఇచ్చారు. 10,345 మంది కుటుంబ సభ్యులను గమనించారు. తిండి అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ప్రకటించారు. ఇంత మంచి ఫలితం ఏ సీసాలోనూ లేదు. టీబీ ఉన్నవాళ్లకు పోషణకని ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబర్ నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలయ్యింది. మీ సంఘాల్లో ఎవరి ఇంట్లోనైనా టీబీ ఉంటే ఆ సొమ్ము ఖాతాలో పడుతోందో లేదో వచ్చే సమావేశంలో అడగండి.

అలాగే 9 నెలల బిడ్డకు తట్టు టీకాతో పాటు వేసే విటమిన్ ఏ చుక్కలు. మొదట లక్ష యూనిట్లు, తర్వాత ఆరు నెలలకోసారి రెండు లక్షలు, అయిదేళ్ల వరకు మొత్తం 9 మోతాదులు. తట్టు వచ్చిన పిల్లలు చావకుండా విటమిన్ ఏ కాపాడుతుందన్నది తేలిన విషయం. అదే విటమిన్ ఏను ఎక్కువ మోతాదులో గర్భిణి మొదటి నెలల్లో మింగితే కడుపులోని బిడ్డకు చేటు. విటమిన్ కదా, ఎంతైనా పర్లేదు అనుకోవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పమన్నారు.

ఇంకో చిన్న సంగతి, మాక్కూడా తెలియదు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌లను ఐరన్ మాత్రతో గానీ కాల్షియం మాత్రతో గానీ కలిపి మింగితే, ఆ లోహం మందును పట్టేసుకుంటుంది, ఒంటికి అందనివ్వదు. బలానికని వేసుకున్నదే మందును వృథా చేస్తుందన్నమాట. రెండింటికీ ఎంత ఎడం ఉండాలో మందు రాసినప్పుడే అడగాలి.

ప్రమాదం గురించి కూడా చెప్పాలి. కర్పూరం, నీలగిరి తైలం చిన్నపిల్లలు కొంచెం మింగినా ఫిట్స్ వస్తాయి. జలుబని పసిబిడ్డ ముక్కు దగ్గర రాయడం, చుక్క తేనెలో వేసి నాకించడం రెండూ వద్దు. మన నిమ్మగడ్డి నూనె కూడా నేరుగా చర్మానికి రాస్తే మంట, దద్దురు వస్తాయి. ఒంటి నూనెలో మేం 100 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెకు ఒక మిల్లీలీటరు మాత్రమే కలుపుతున్నది అందుకే. ఇప్పుడు లొంగని క్రిమిని చంపుతుందని అచ్చు వేసిన సీసా ఒక తల్లి చేతిలో ఉందనుకోండి. బిడ్డ కాలి పుండు ఎర్రబడింది, జ్వరం వచ్చింది. ఆసుపత్రికి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, దారి ఖర్చు ఉంది. సీసా ఉంది కదా, రెండ్రోజులు చూద్దాం అనుకుంటుంది. చీము రక్తంలోకి పోవడానికి ఆ రెండ్రోజులు చాలు. సీసా మీద ఉన్నది మన సమాఖ్య పేరు. ఆమె నమ్మేది ఆ వ్యాపారిని కాదు, మనల్ని.

చట్టం కూడా ఉంది. జబ్బు నయం చేస్తుందని, క్రిమిని చంపుతుందని రాస్తే అది మందు అవుతుంది, దానికి మందుల లైసెన్సు కావాలి. మనకున్నది సబ్బుకూ ఒంటి నూనెకూ కాస్మెటిక్ లైసెన్సు. మందుల పేరుతో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 1954 నాటి చట్టం ఉంది. కేసు పెడితే నోటీసు వచ్చేది తయారుచేసినవాళ్ల చిరునామాకు.

అయితే మన సరుకులో చెప్పుకోవడానికి నిజమైన గొప్ప ఏమీ లేదా అని కమిటీలో ఒక అక్క అడిగింది. ఉంది. సబ్బు నురగ క్రిమిని చేతి మీద నుంచి ఊడ్చి నీళ్లతో కొట్టేస్తుంది. దానికి లొంగే క్రిమి, లొంగని క్రిమి అన్న తేడా లేదు. క్రిమి ఎన్ని విద్యలు నేర్చినా సబ్బూ నీళ్ల దగ్గర పనికిరావు. పురుడు పోసే చోట, పాలు పితికే ముందు, దొడ్డికెళ్లొచ్చాక 20 సెకన్లు రుద్ది కడిగితే ఇన్ఫెక్షనే తగ్గుతుంది, యాంటీబయాటిక్ అవసరమే తగ్గుతుంది. విటమిన్ ఈకి కూడా మన ఒంటి నూనెలో ఒక పని ఉంది. అది నూనె త్వరగా కంపు కొట్టకుండా చూస్తుంది. ఆ పనికైతే వేద్దాం, అంతే రాద్దాం.

పశువుల డాక్టరుగారి మాట ఒకటి మిగిలింది. పొదుగువాపుకు ఇంజెక్షన్ వేయించాక ఆయన చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు, ఇంట్లో పిల్లలకూ పోయకూడదు. ఆ పాలతో మందు కొద్దికొద్దిగా మన కడుపులోకే వస్తుంది. కోళ్లకు బలానికని కలిపే కొలిస్టిన్ మందును కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. మనుషులకు అన్ని మందులూ విఫలమైనప్పుడు చివరగా వాడేది అది. మేతలో ఏం కలుపుతున్నారో కోళ్ల షెడ్లున్న సభ్యులు బస్తా మీద చదివించుకోండి. మందుల షాపులో మీరు కొనే స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిదని గుర్తు. ఈ గీతను ఈ నివేదిక వెనక అట్ట మీద అచ్చు వేయించాం, చదువు రాని సభ్యులకు కూడా చూపించండి.

ఇక తీర్మానం. సబ్బు మీద "నిమ్మగడ్డి నూనెతో చేసిన సబ్బు, చేతులు శుభ్రంగా కడుక్కోండి" అని ఉంటుంది. ఒంటి నూనె మీద "పైపూతకు మాత్రమే, మింగరాదు, పసిపిల్లలకు వాడరాదు, పుండ్ల మీద రాయరాదు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. వ్యాపారికి విడి నూనె మాత్రం డబ్బాల్లో అమ్ముతాం, మన పేరుతో ఆ మాట అచ్చు వేయం. మూడింతల ధర పోతుంది, అది మేం దాచడం లేదు. దాని బదులు అంగన్‌వాడీలకు, పీహెచ్‌సీకి, హాస్టళ్లకు చేతుల సబ్బు సరఫరా కోసం దరఖాస్తులు పెట్టాం. జవాబు ఇంకా రాలేదు.

దీని మీద మీ మాటలు చెప్పండి. ఒప్పుకోనివాళ్లు కూడా లేచి చెప్పాలి, వాళ్ల మాటా తీర్మానం పుస్తకంలో రాస్తాం. తర్వాత చేతులెత్తడం, సంతకాలు. భోజనాల పందిరి పక్కన నాలుగు కుళాయిలు పెట్టించాం, ప్రతి కుళాయి దగ్గరా మన సబ్బే ఉంది.